మొక్క ఫోటో సరే, నీళ్లు పోసిందెవరు?

ఈ సంగతి రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా మనలో మనం చెప్పుకునే మాటే కదా!

రెండేళ్ల క్రితం వానాకాలంలో కొడిమ్యాల నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్‌లో ఓ ఫోటో పంపింది. ఇంటి వెనకాల మూడు మొక్కలు నాటి, పక్కన నిలబడి నవ్వుతోంది. కింద మూడు పేర్లు రాసింది. అందులో ఒకటి నాది. "పెద్దమ్మా, నీకు చాలెంజ్ పెట్టిన. మూడు మొక్కలు పెట్టి ఫోటో పంపాలె. తప్పించుకోవద్దు సూడు" అని హెచ్చరిక కూడాను!

ఉబ్బిపోయి ఆ ఆదివారమే మా వీధి చివర ఖాళీ జాగాలో జామ, ఉసిరి, కానుగ నాటాను. ఫోటో పెట్టాను. తెలిసినవాళ్లంతా తెగ మెచ్చుకున్నారు. నేనూ మరో ముగ్గురి పేర్లు రాసేసి చేతులు దులుపుకున్నాను. జామను మేకలు మేశాయి. మిగతా రెండూ వేసవి రాకముందే మాడిపోయాయి. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ "మొక్కలెలా ఉన్నాయి?" అని అడగలేదు. వాళ్ల సంగతి సరే, నేను మాత్రం వెళ్లి చూశానా?

ఆ ఆటకు పేరు గ్రీన్ ఇండియా చాలెంజ్. 2018లో జోగినపల్లి సంతోష్ కుమార్ మొదలుపెట్టారు. మూడు మొక్కలు నాటి, మరో ముగ్గురి పేర్లు చెప్పాలి. ఒకరి నుంచి ముగ్గురికి, ముగ్గురి నుంచి తొమ్మిదిమందికి. ఇందులో మనకు కొత్తేముంది? నోములో వాయనం అందుకున్నావిడ మళ్లీ తన నోములో ఇంకొకరికి ఇచ్చినట్టే. పేరు పెట్టి పిలిస్తే కాదనలేం. ఈ చాలెంజ్‌ల బలమంతా ఆ పిలుపులోనే ఉంది.

ఈ బలాన్ని మన తెలుగింటి ఆడపడుచు ఒకరు ముందే గుర్తించారు. 2014లో అమెరికాలో ఒక నరాల జబ్బు కోసం నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకునే చాలెంజ్ నడిచింది. దాంతో అక్కడి సంస్థకు పదకొండు కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. హైదరాబాదులో పాత్రికేయురాలు మంజులత కళానిధి అది చూశారు. బిందె నీళ్ల కోసం బారులు తీరే మన దేశంలో నీళ్లు పారబోయడం ఏమిటనుకున్నారు. బకెట్ బియ్యం ఆకలిగా ఉన్నవారికి ఇచ్చి, ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టమన్నారు. అదే రైస్ బకెట్ చాలెంజ్. ఫోటో ఉన్నా లేకపోయినా ఆ పూట ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇచ్చిన క్షణానే ఆ పని పూర్తవుతుంది.

మొక్క సంగతి అలా కాదు. నాటినప్పుడే దాని పని మొదలవుతుంది.

మళ్లీ కొడిమ్యాలకే వద్దాం. 2023 ఫిబ్రవరిలో, కొండగట్టు అంజన్న గుడి దగ్గర ఉన్న కొడిమ్యాల రిజర్వు అడవిలో వెయ్యి ఎకరాలకు పైగా దత్తత తీసుకుంటున్నట్టు సంతోష్ కుమారే ప్రకటించారు. అప్పుడాయన రాజ్యసభ సభ్యులు. ఫోన్లో మొదలైన ఆట ఒక అడవి గడప దాకా వచ్చిందంటే సంతోషించాల్సిందే. అయితే దత్తత అన్న మాట చాలా పెద్దది. బిడ్డను ఎత్తుకుని ఫోటో దిగితే తల్లి అయిపోతామా? రాత్రుళ్లు మేలుకోవాలి కదా!

ఆ మేలుకునే పని ఎవరిదో మనకు తెలుసు. 2015లో హరితహారం మొదలైన దగ్గర్నుంచి తెలంగాణ పల్లెల్లో ఉపాధి హామీ కూలీలు గుంతలు తవ్వారు. నర్సరీల్లో కవర్లకు మట్టి నింపారు. నీళ్లు పోశారు. ఆ కూలీల్లో సగానికి పైగా ఆడవాళ్లే. పార పట్టి గుంత తవ్విన చెయ్యి ఎన్ని ఫోటోల్లో కనిపించింది? ముగ్గురి పేర్లు రాసేటప్పుడు ఆమె పేరు ఎవరికి గుర్తొచ్చింది?

ఆన్‌లైన్ ఆటలు పల్లెకు పనికిరావని మాత్రం నేననను. కొడిమ్యాల పక్క మండలం మల్యాలలోని లంబాడిపల్లినే చూడండి. అక్కడి 'మై విలేజ్ షో' ద్వారానే, కూలి చేసుకు బతికిన గంగవ్వను తెలుగునాడంతా గుర్తుపట్టింది. 2018లో నడిచే కారులోంచి దిగి చిందులేసే కికీ చాలెంజ్ ప్రపంచాన్ని ఊపేసింది. రోడ్ల మీద ఆ ఆటలొద్దని పోలీసులు మొత్తుకున్నారు. లంబాడిపల్లి కుర్రాళ్లు ఏం చేశారు? కారు బదులు ఎడ్లను పెట్టి, వరిమడి బురదలో దమ్ము చేస్తూ చిందేశారు. లక్షలమంది చూశారు. ఎవరో పెట్టిన ఆటను వాళ్లు తమ పనిలోకి దించుకున్నారు. మనం నేర్చుకోవాల్సిందదే.

అందుకే నాదో మనవి. ఈసారి ఎవరైనా మీకు మొక్కల చాలెంజ్ విసిరితే తప్పకుండా ఒప్పుకోండి. కానీ ఆటను కాస్త మార్చండి. మీరు నడిచి వెళ్లి చూడగలిగే ముగ్గురినే పిలవండి. ఫోటోలో నీళ్లు పోసే మనిషిని నిలబెట్టండి, ఆమె ఒప్పుకుంటే పేరూ రాయండి. నాటిన రోజు ఫోటో పంపినా పంపకపోయినా, మొక్క మొదటి పుట్టినరోజు ఫోటో మాత్రం పంపండి. అప్పుడు మెచ్చుకుందాం!

ఈ వానాకాలం నేను ఒక్క కానుగ మొక్కే నాటాను. చుట్టూ కంప కట్టాను. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు దానికే. ఫోటో ఇంకా ఎవరికీ పంపలేదు. కొడిమ్యాల పిల్ల మాత్రం మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇదన్న బతికిందా?" అని అడిగింది.

మెప్పుకోలు వంద వచ్చినా, ఆ ఒక్క ప్రశ్నకు సాటి రావు. మీరూ ఈ వారం ఎవరినైనా అలా అడిగి చూడండి.