పేరు ఒకరిది, పెట్టుబడి మరొకరిది

ప్రళయకావేరి సరస్సుకు దక్షిణపు కొసన, సముద్రపు ముఖద్వారం చెంత, పులికాటు అనే చిన్న ఊరు కలదు. పరిపాలన రీత్యా ఆ ఊరు నేడు తమిళనాడులోనిది. సరస్సులో అధిక భాగం మాత్రం మనది. సూళ్లూరుపేట, తడ ప్రాంతాల నుండి విహారయాత్రగా అక్కడికి వెళ్లే మన విద్యార్థులు పడవ ఎక్కి, డచ్చివారి సమాధుల మధ్య తిరిగి, ఫొటోలు తీసుకొని, సాయంత్రానికి ఇల్లు చేరుకొంటారు. ఆ రాళ్ల కింద ఉన్నవారు పరదేశంలో వ్యాపారం చేయవచ్చినవారనీ, ఆ పరదేశం మన దేశమేననీ వారిలో ఎందరికి తోచునో నేను చెప్పలేను. నాకు కూడా ఆ ఆలోచన ఒక బంధువు కువైటు నుండి వట్టి చేతులతో తిరిగి వచ్చిన తరువాతనే కలిగినది.

మన జిల్లాల నుండి, పొరుగున ఉన్న కడప సీమ నుండి, గల్ఫు దేశాలకు వెళ్లినవారు లేని వీధి అరుదు. మొదట డ్రైవరుగానో, వంటవాడుగానో, దర్జీగానో వెళతారు. నాలుగైదు సంవత్సరాలు గడిచి చేతిలో కొంత సొమ్ము నిలిచిన పిదప, ఎంతకాలం ఇలా ఒకరి కింద పని చేయుట, సొంతంగా ఒక చిన్న దుకాణం పెట్టుకొంటే కాదా అనే కోరిక పుడుతుంది. ఇది సహజమైన కోరిక. దీనిని దురాశ అని నేను అనను. పరదేశానికి పోయి చెమటోడ్చుట గౌరవమైనపుడు అక్కడ యజమాని కాగోరుట మాత్రం తప్పెట్లగును? నా ఆక్షేపణ కోరికపై కాదు, దానిని నెరవేర్చుకొనుటకు మనవారు పట్టిన మార్గంపై మాత్రమే.

డచ్చివారు, మన పెద్దల మాటలో ఒలందావారు, ఈ తీరానికి వచ్చి ముందుగా చేసిన పని ఏమి? గిడ్డంగి కట్టలేదు, సరుకు దింపలేదు. దేశాన్ని ఏలే ప్రభువు ఎవరో విచారించి, ఆయన దగ్గరకు మనుషులను పంపినారు. 1610లో విజయనగర ప్రభువైన రెండవ వేంకటపతి రాయల నుండి పులికాటులో వర్తకానికి కౌలు పొందినారు. ఎవరికి ఏ హక్కు, సుంకం ఏ మేరకు అనే విషయాలు కాగితం మీదికి ఎక్కినవి. 1612లో శాంథోము నుండి పోర్చుగీసువారు వచ్చి వారి స్థావరాన్ని ధ్వంసం చేసినపుడు, మరుసటి సంవత్సరమే గెల్డ్రియా అనే కోటతో వారు మళ్లీ నిలదొక్కుకొనగలిగినారంటే, బలంతో పాటు చేతిలో ఆ కౌలు కూడా ఉన్నది. ఆ కౌలు చాటున వారు చేసినవన్నీ పుణ్యకార్యాలు కావు. ఇక్కడి పేదలను బానిసలుగా కొని బటేవియాకు తరలించిన ఓడలు సైతం ఈ రేవు నుండే బయలుదేరినవి. వారిని ఆదర్శపురుషులుగా నిలబెట్టుట నా ఉద్దేశం కాదు. పరాయి గడ్డ మీద అడుగు పెట్టినవాడు తన పేరు కాగితంలో ఉండేటట్లు చూచుకొన్నాడనే ఒక్క సంగతిని మాత్రమే గమనింపుమంటున్నాను.

ఇంకొక సంగతి. కాగితం చేతికి వచ్చినంత మాత్రాన వ్యాపారం సాగలేదు. డచ్చివారికి నేతగాళ్ల భాష తెలియదు, బజారు తెలియదు. ఆ లోటును పూరించినవారు తెలుగువారే. వారి లెక్కలలో మలయ అనే పేరుతో కనిపించే అచ్యుతప్ప చెట్టి దుబాసీగా, మధ్యవర్తిగా ప్రవేశించి, తన సోదరుడు చిన్నన్నతో కలిసి ఈ తీరంలోని పెద్ద వర్తకులలో ఒకడైనాడు. సొంత ఓడలు నడిపినాడు. ఆయన మొదటి మూలధనం రెండు మూడు భాషలు తెలియుటయే. సరుకు విషయంలోనూ అంతే జాగ్రత్త ఉండేది. జావా, మలయా ద్వీపాలలో ఏ ఊరివారికి ఏ రంగు, ఏ అంచు నచ్చునో నమూనాలు తెప్పించి, ఇక్కడి నేతగాళ్లకు బయానా ఇచ్చి నేయించేవారు. అంచు మారితే అక్కడ కొనేవాడు లేడు. ఇక్కడి గళ్ల బట్ట ఎంతగా అలవాటైనదంటే, నేటికీ మలేషియాలో మగవారు కట్టే గళ్ల లుంగీని 'కాయిన్ పెలికాట్' అంటారు. పులికాటు బట్ట అని అర్థం. మన సరస్సు ఒడ్డున ఉన్న ఊరి పేరు ఎక్కడో పెనాంగులో ఒక దుకాణదారుని నోట ప్రతిదినం పలుకుతున్నదన్నమాట. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు చేరలేదో తెలియదు.

ఇక నా బంధువు సంగతి. ఆయన కువైటులో ఒక ఇంటి డ్రైవరు. దర్జీపని కులవిద్య వలె వచ్చినవాడు కనుక, కూడబెట్టిన సొమ్ముతో, ఊరిలోని పొలం కుదువబెట్టి తెచ్చిన సొమ్ముతో అక్కడ ఒక దర్జీ దుకాణం తెరిచినాడు. లైసెన్సు ఆ దేశస్థుడైన ఒక పెద్దమనిషి పేరిట ఉన్నది. నెలనెలా ఆయనకు కొంత పైకం ముట్టజెప్పుట, మిగిలినదంతా తనది అనుట ఒప్పందం. ఒప్పందం అరబ్బీలో టైపు చేసిన రెండు కాగితాలు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పవలెను. నా బంధువు అరబ్బీ అక్షరాలు చదవలేనివాడు కాడు. ఏడవ ఏటనే మదరసాలో ఖురాను పూర్తి చేసినవాడు. ఆ రెండు కాగితాలను గడగడ చదివినాడట. ఒక్క వాక్యానికీ అర్థం తెలియలేదు. తెలియదని అడుగుటకు నామోషీ. సంతకం చేసినాడు.

ఆరు సంవత్సరాలు దుకాణం బాగుగానే నడిచినది. పండుగలకు ముందు రాత్రి రెండు గంటల వరకు మిషన్లు ఆగేవి కావట. తరువాత ఆ పెద్దమనిషి కాలం చేసినాడు. వారసులు వచ్చి లైసెన్సు చూచినారు, అద్దె పత్రం చూచినారు; రెండూ తమ తండ్రి పేరిటనే ఉన్నవి. దుకాణం తమదన్నారు. వారు అబద్ధం ఆడలేదు. తండ్రికీ ఈయనకూ మధ్య ఉన్న నోటిమాట వారికి తెలియదు. తెలిసినా కోర్టుకు పనికిరాదు. పైగా ఇంటిపని వీసాపై ఉన్న మనిషి తాను దుకాణం నడిపినానని అధికారుల ఎదుట చెప్పుకొంటే, మొదట తప్పు తనదే అగును. ఫిర్యాదు చేయలేదు. ఆరు మిషన్లు అక్కడనే వదలి, తన కత్తెర ఒక్కటి తువ్వాలులో చుట్టుకొని వచ్చినాడు.

ఈ కథ చెప్పినపుడు మిత్రులు నాతో వాదిస్తారు. అందరూ అలాగే చేస్తున్నారు, వందమందిలో ఒకరికి ఇట్లగును, మిగిలినవారు మేడలు కట్టలేదా అంటారు. కట్టినారు, కాదనను. కాని ఆ మేడలు నిలిచినది ఇద్దరు మనుషుల మంచితనం మీద. అటువంటి నమ్మకానికి పరీక్ష వచ్చిన రోజు ఒకటి ఉన్నది. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించినవి. లక్షా డెబ్బైవేల మందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చినారు. దుకాణాలు అక్కడనే మిగిలిపోయినవి. యుద్ధం ముగిసిన తరువాత ఐక్యరాజ్యసమితి 1991లో నష్టపరిహారపు కమిషను ఒకటి ఏర్పరచి, ఇరాకు చమురు ఆదాయం నుండి బాధితులకు చెల్లింపులు జరిపినది. చివరి చెల్లింపు 2022లో పూర్తియైనది, మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఆ కమిషను ఎదుటకు వచ్చిన చిక్కులలో ఒకటి సరిగా మన విషయమే. ఒకే దుకాణం పోయినదని లైసెన్సు ఉన్న కువైటీ ఒకవైపు, పెట్టుబడి పెట్టి నడిపిన విదేశీయుడు మరొకవైపు అర్జీ పెట్టుకొన్నారు. నష్టం ఎవరిదో తేల్చుటకే ప్రత్యేకమైన ఏర్పాట్లు, సంవత్సరాల కాలం అవసరమైనవి. సాక్ష్యం ఉన్నవాడు నెగ్గుకొని వచ్చినాడు. జమాఖర్చు పుస్తకం వ్రాయనివాడు, సరుకు రసీదు దాచనివాడు తన దుకాణం తనదని దేనితో చెప్పగలడు?

చట్టాలు ఏమంటున్నవో కొంచెం చూడవలెను. కువైటులో 1980 నాటి 68వ నంబరు వాణిజ్య చట్టం ప్రకారం, గల్ఫు సహకార మండలి దేశాలవారు మినహా విదేశీయుడు వర్తకం చేయవలెనంటే కువైటీ భాగస్వామి ఉండవలెను, అతని వాటా నూటికి 51కి తగ్గరాదు. 2013లో వచ్చిన పెట్టుబడుల చట్టం పూర్తి యాజమాన్యానికి దారి తెరిచినది గాని, ఆ దారి పెద్ద సంస్థలకు అనువైనది. దర్జీకి, బకాలా నడిపేవానికి కాదు. సౌదీ అరేబియాలో ఒకరి పేరు చాటున మరొకరు వ్యాపారం చేయుటను 'తసత్తుర్' అంటారు. 2021లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం దానికి ఐదు సంవత్సరాల వరకు ఖైదు, ఏబై లక్షల రియాళ్ల వరకు జరిమానా విధింపవచ్చునన్నది. పేరు ఇచ్చినవానికీ శిక్షయే, తీసుకొన్నవానికీ శిక్షయే. అదే దేశంలో 2016 సెప్టెంబరు నాటికి మొబైలు ఫోన్ల అమ్మకం, మరమ్మతు పనులను పూర్తిగా స్వదేశీయులకే కేటాయించినారు. ఆ బల్లల వెనుక కూర్చొన్న ఎందరో పరదేశీయులు కొన్ని నెలలలో లేచిపోవలసి వచ్చినది. దుబాయి మార్గం వేరు. 2021 జూను 1 నుండి యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో, కొన్ని ముఖ్యరంగాలు తప్ప, స్వదేశీయుని 51 వాటా నియమం తొలగినది. అనగా అక్కడ ఈనాడు చిన్న వ్యాపారి తన పేరిటనే లైసెన్సు పొందగల అవకాశం ఉన్నది. అయినను పాత అలవాటు చొప్పున ఇంకను ఎవరిదో పేరు వెదికేవారిని చూస్తే జాలి కలుగుతుంది. ఖర్చు తగ్గునని వారి లెక్క. పొలం పోయిన ఖర్చును ఆ లెక్కలో ఏ పద్దు కింద వ్రాస్తారో మరి!

ఇవన్నీ సరిగా ఉన్నను వ్యాపారం నడపుట వేరే విద్య. గల్ఫులో చిన్న దుకాణానికి అద్దె తరచు ముందు తేదీల చెక్కులుగా ఇవ్వవలెను. లైసెన్సులో ఏ వ్యాపారం వ్రాసి ఉన్నదో అదే చేయవలెను. దర్జీ దుకాణంలో ఫోను కార్డులు అమ్మితే మునిసిపాలిటీవారు ఊరుకోరు. జూలై, ఆగస్టు నెలలలో బడులకు సెలవులు. కుటుంబాలు స్వదేశాలకు పోతవి, వీధి ఖాళీ, అద్దె మాత్రం ఆగదు. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఖాతా పుస్తకం. మనవాడే కదా అని బియ్యం, పప్పు అప్పుగా ఇచ్చుట, ఆ మనవాడు ఒక తెల్లవారుజామున విమానం ఎక్కుట బకాలావారికి కొత్త కథ కాదు. ఇక ఇక్కడి నుండి పెట్టుబడి తీసుకొనిపోవువారు రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం బ్యాంకు ద్వారా పంపవలెను. హుండీలో పంపిన రూపాయికి రసీదు ఉండదు. రసీదు లేని సొమ్ము కథ పైన చెప్పియే ఉన్నాను.

కేవలం గల్ఫు దేశాలనే నిందింపరాదు. బర్మాలో మనవారి చిన్న దుకాణాలు సైతం 1964 నాటి జాతీయకరణలో పోయినవి; ఉగాండాలో 1972లో ఆసియావారికి తొంబై దినాల గడువు ఇచ్చినారు. అచ్చట కాగితాలు సక్రమంగా ఉన్నవారు కూడ నష్టపోయినారు. ప్రభుత్వమే తిరగబడినపుడు కౌలు అడ్డుపడదు. ఇది నా వాదానికి ఎదురైన మాటయే, దాచను. అయితే ఉగాండా ప్రభుత్వం మారిన తరువాత, 1990లలో ఆస్తులు తిరిగి ఇచ్చినపుడు, యాజమాన్యం రుజువు చేసుకొనగలిగినవారికే అవి దక్కినవి.

చివరగా మన కళాశాల సంఘంవారికి ఒక మనవి. మన విద్యార్థులకు తెలుగు, ఉర్దూ రెండూ వచ్చును. కువైటు బజారులో బంగ్లాదేశీయుడు, పాకిస్తానీ, మలయాళీ ఒకరితో ఒకరు బేరమాడే భాష ఉర్దూ హిందీల కలగలుపే. అచ్యుతప్ప చెట్టికి ఉండిన మూలధనం మన పిల్లలకు పుట్టుకతోనే వచ్చినది. దానికి మూడు చేర్చవలెను: వ్యవహారపు అరబ్బీ, జమాఖర్చులు, ఒప్పంద పత్రాన్ని చదివి అర్థం చేసికొనే శిక్షణ. వాడిన అద్దె పత్రాల, లైసెన్సుల నకళ్లు మన పాత విద్యార్థులను అడిగితే పంపగలరు. వాటినే పాఠంగా పెట్టవచ్చును. ఎక్కడ సంతకం చేయరాదో ఒక్క గంటలో తెలియజేయవచ్చును. పరీక్ష అవసరం లేదు, ధ్రువపత్రం అవసరం లేదు. అరబ్బీ తెలిసినవారు ఉర్దూ శాఖలో ఉన్నారు, లెక్కలు నేర్పగలవారు వాణిజ్య శాఖలో ఉన్నారు. నా బంధువు ఇప్పుడు సూళ్లూరుపేటలో ఒక చిన్న వసారాలో బట్టలు కుట్టుచున్నాడు. పిలిస్తే వచ్చి తన రెండు కాగితాలు చూపుతానన్నాడు. సాయంత్రం ఐదు గంటల తరువాత మన తరగతి గదులకు తాళాలు వేసియే ఉండును గదా, వారానికి ఒక దినం ఒక్క గదిని తెరిపింపగోరుచున్నాను.