దండలు వద్దు, పంతులు కావాలి

ఎన్నికలొస్తే అమరజీవి పేరెత్తని ఆంధ్ర నాయకుడు అరుదు. 2013లో విభజన వాదాల్లోనూ ఆయన త్యాగాన్నే ముందుపెట్టారు. పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూసింది మద్రాసు మైలాపూరులో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు అందులో చేరలేదు. మేం ఇక్కడే మిగిలాం.

2006 చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడానికి నాకు అభ్యంతరం లేదు. తెలుగు జారిపోవడమే నా బాధ. ఆయన ప్రాణమిచ్చిన ఊళ్లో మన పిల్లలు ఆయన పేరును తెలుగులో చదవలేకపోతే, ఆ త్యాగానికి వారసులెవరు?

అయ్యా, వర్ధంతికి దండలు తేకండి. ఒక తెలుగు పంతుల్ని, పిల్లలకు వాచకాలను పంపండి. దండ మేమే వేసుకుంటాం.