ముద్ద మానినా మాత్ర మానవద్దు



ఉపవాస ప్రార్థన రోజున కండరాల జబ్బు మాత్రలు మానవచ్చా? ఈ సందేహం చాలా ఇళ్ళలో వస్తుంది. జవాబుకు ముందు ఆ జబ్బు సంగతి చూద్దాం.

ఉదయం బాగానే లేచిన మనిషికి పొద్దు వాలేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఒకటి రెండుగా కనబడుతుంది. ముద్ద నమలడం, మింగడం కష్టమవుతుంది. దీనిని మయస్తీనియా గ్రేవిస్ అంటారు. నరం పంపే కబురు కండరానికి సరిగా అందకపోవడమే కారణం. మన తాడిపత్రి ఎండలకు నీరసం మరింత పెరుగుతుంది. ఇది సోమరితనం కాదు, గాలి సోకడమూ కాదు.

దీనికి వాడే ముఖ్యమైన మందు పిరిడోస్టిగ్మిన్. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఈ కోవకు చెందిన మందుతోనే రోగికి బలం రావడం చూశారు. మామూలు మాత్ర సుమారు అరగంటకు పనిచేయడం మొదలుపెట్టి, మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. అందుకే డాక్టరు చెప్పిన వేళ తప్పరాదు.

ఒక పూట మరచితే రెండు కలిపి వేసుకోవద్దు. మోతాదు మించినా నీరసమే వస్తుంది. కడుపునొప్పి, విరేచనాలు, నోట నీరూరడం, కండరాలు అదరడం దాని గుర్తులు.

జ్వరానికి సూది వేయించుకునే ముందు ఈ జబ్బు ఉన్నదని చెప్పండి. జెంటామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మందులు నీరసాన్ని పెంచగలవు. మందుల చీటీ ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

ఇక ఉపవాసం మాట. ఉండవచ్చునా లేదా అని ముందుగా డాక్టరునే అడగండి. మాత్ర మాత్రం సొంతంగా మానవద్దు. ఊపిరి అందకపోయినా, గుటక పడకపోయినా తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేయండి. ప్రార్థన దారిలోనూ చేయవచ్చు.