బిడ్డకొరకు ఆకాశమునుండి దుముకుట

ఆంగ్లదేశమున ధర్మకార్యమునకు సొమ్ము కావలసివచ్చినపుడు, అడుగువాడు ఊరక చేయి చాపడు. ముందుగా తన శరీరమునకు ఏదో యొక కష్టమును విధించుకొనును. ఇరువదియారు మైళ్లు పరుగెత్తును, కొండ లెక్కును, చన్నీట నీదును, మరింత సాహసి యగుచో విమానమునుండి దుముకును. అతని నెరిగినవారెల్లరు ఆ కష్టమునకు వెలకట్టి, ఒకరు ఐదు పౌనులు, ఒకరు పది పౌనులు చందా వ్రాయుదురు. 1981లో ఆరంభమైన లండను మారథాను పరుగు ఒక్కటియే 2024లో వివిధ ధర్మసంస్థలకు 7 కోట్ల 30 లక్షల పౌనులకు మించి సమకూర్చెను. మోకాళ్లపై కొండమెట్లెక్కి మ్రొక్కు చెల్లించువారిని చూచిన మనకు ఈ ఆచారము పూర్తిగా క్రొత్త గాదు. అచ్చట మ్రొక్కు పొరుగువానికి చెల్లును, అంతియే భేదము.

ఇట్లు దుముకువారిలో ఆటిజము గల బిడ్డల తల్లిదండ్రులును కలరు. భూమికి పదివేల అడుగులకు పైబడిన యెత్తున, శిక్షకుని దేహమునకు పట్టెడలతో బిగింపబడి, విమానద్వారము దాటి, గంటకు ఇంచుమించు 120 మైళ్ల వేగమున కొంతసేపు రాయివలె పడి, పిదప పారాచూటు విచ్చుకొనగా మెల్లగా నేల కాలూనుదురు. వచ్చిన సొమ్ము ఆటిజము గలవారికి తోడ్పడు సంస్థలకు చేరును.

సాహసము మెచ్చదగినదే, లెక్కయు చూడవలసినదే. స్కాట్లండులోని టేసైడు ప్రాంతపు వైద్యులు తమయొద్దకు వచ్చిన పారాచూటు గాయములను ఐదేండ్లపాటు పరిశీలించి 1999లో ఫలితములను ప్రకటించిరి. ధర్మార్థము దుముకినవారిలో నూటికి 11 మంది గాయపడిరి. తలకు వసూలైనది 30 పౌనులు. ధర్మనిధికి చేరిన ప్రతి పౌనునకును ప్రభుత్వ వైద్యశాఖకు 13 పౌనుల 75 పెన్నీలు ఖర్చయ్యెను! ఒక చేత నిచ్చి వేరొక చేత పదింతలకు పైగా లాగుకొనుట యిది. శిక్షకునితో జంటగా దుముకు పద్ధతి వ్యాపించి నేడు అపాయము తగ్గినమాట నిజము. అయినను సొమ్ము కొరకే యైనచో ఇంతకంటె సులభోపాయములు లేకపోలేదు.

మేము ఈ సాహసమున గౌరవించునది వేరొకటి. దుముకుటకు నెలదినముల ముందే ఆ తండ్రి తన కార్యాలయమునను, వీధిలోను, కనబడిన ప్రతివానితోను, "నా బిడ్డకు ఆటిజము కలదు, అట్టివారి కొరకు దుముకుచున్నాను" అని చెప్పవలసియున్నది. ఈ మాట నోటినుండి వెలువడుటకు అచ్చటను ఒక తరము పట్టినది. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరీక్షించి ఈ స్థితిని వర్ణించెను. తరువాత చిరకాలము దోషము తల్లిపై మోపబడెను. ఆమె హృదయము మంచుగడ్డ గనుకనే బిడ్డ ముడుచుకొనిపోయినాడని పండితులు పలికిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఈ వాదమును గ్రంథముగా వ్రాసి ప్రఖ్యాతి గడించెను. దానిని పడగొట్టుటకు పూనుకొన్నవారిలో అట్టి కుమారుడు గల తండ్రియే యగు బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వవేత్త యొకడు. అతని గ్రంథము 1964 నాటిది. లండనులో 1962లో కొందరు తల్లిదండ్రులు కూడి ఒక సంఘమును స్థాపించిరి. వైద్యురాలును, అట్టి బిడ్డకు తల్లియునగు లోర్నా వింగ్ వారిలో నొకతె. 1970 నాటి శాసనము వచ్చువరకు ఆంగ్లదేశమున బుద్ధిమాంద్యము తీవ్రముగా గల పిల్లలు చదువునకు తగనివారని వెలివేయబడుచునే యుండిరి. శాసనమునకై వేచియుండక ఆ తల్లిదండ్రులు 1965లోనే తమ బడిని తాము తెరచుకొనిరి. నేటి దుముకుడు ఆనాటి పట్టుదలకు వారసురాలు.

ఒక యాక్షేపణ కలదు. దానిని దాచుట ధర్మము గాదు. రోడ్డు వేయుటకు ఇంజనీరును విమానమునుండి దుముకుమని యెవ్వరును కోరరు గదా! బిడ్డ చదువు హక్కైనపుడు తల్లిదండ్రులు ప్రాణము పణమొడ్డి దానిని యాచింపవలసివచ్చుట ప్రభుత్వములకు కీర్తికరము గాదు. అంతేకాదు: చందాల కొరకు బిడ్డను దయనీయునిగా, ఇంటికి దాపురించిన విపత్తుగా చిత్రించు ప్రకటనలును కలవు. ఆటిజము కలిగి పెరిగి పెద్దలైనవారే దీనిని నిరసించుచున్నారు. వారి మాట న్యాయమని మా యభిప్రాయము. అడుగువాడు బడినో, ఉపాధ్యాయునో, ఉపాధినో అడుగవలెను, కన్నీటిని గాదు.

ఇక మన సంగతి. మన దేశమునను ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యురాలు ఒక తల్లియే. మెర్రీ బరువా అను నామె 1991లో ఢిల్లీలో "యాక్షన్ ఫర్ ఆటిజం" సంస్థను నెలకొల్పెను. అంతకుమున్నే, 1984లో, మన సికింద్రాబాదున బుద్ధిమాంద్యము గలవారి కొరకు జాతీయసంస్థ వెలసెను. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరైనను లేదు; 2016 నాటి చట్టము దానిని 21 వైకల్యములలో నొకటిగా చేర్చెను. చట్టము వచ్చినది, నోరు మాత్రము పెగలలేదు. దిష్టి తగిలినదనియు, కర్మఫలమనియు, అక్క పెండ్లికి అడ్డమనియు ఎంచి, చుట్టములు వచ్చినపుడు బిడ్డను పెరటిగదిలో నుంచు ఇండ్లు మన పట్టణములలో నేటికిని లేకపోలేదు. మనవారు విమానము నెక్కనక్కరలేదు; ఆ గది తలుపు తీసిన చాలును.

ఆ తల్లిదండ్రులను రాత్రులు నిద్రపోనీయని ప్రశ్న యొకటి కలదు: మా తరువాత వీనికెవరు? ఏ దుముకుడును దీనికి బదులు చెప్పజాలదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము కొంత చెప్పినది. ఆ చట్టముచొప్పున ఏర్పడు స్థానిక సంఘము, పదునెనిమిదేండ్లు నిండిన ఆటిజము గలవారికి అవసరమగుచో, న్యాయసమ్మతమైన సంరక్షకుని నియమింపవచ్చును. జిల్లా కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి అందు సభ్యుడు. తల్లిదండ్రులును, బంధువులును దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఈ సంగతి మన పఠనమందిరములలో ఎందరికి తెలియును? తమ జిల్లాలో ఈ సంఘము కడచిన సంవత్సరమున ఎన్ని మారులు కూడినదో, ఎందరికి సంరక్షకులను నియమించినదో పాఠకులు కలెక్టరు కచేరిని అడుగవలెనని మా మనవి. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద రుసుము పదిరూపాయలు. వచ్చిన జవాబులను మాకు పంపినచో ఈ పుటయందే ప్రకటింతుము.