భూమి ఖరీదెక్కిన చోట పంచాయతీ ఏమవుతోంది?

గ్రామంలో అధికారం ఎవరిదన్న ప్రశ్నకు తెలుగు నేలలో చాలాకాలం భూమి లెక్కలే జవాబు చెప్పాయి. ఏ మడి ఎవరి సాగులో ఉంది, ఎవరు ఎంత శిస్తు కట్టాలి, గెడ్డ నీరు ముందు ఎవరి పొలానికి పారాలి అన్న సంగతులు ఎవరి కవిలెకట్టలో ఉంటే వారి మాటే ఊళ్లో చెల్లింది; ఓటు, పంచాయతీ, సర్పంచు అనేవి చాలా తరువాత వచ్చాయి. నేడు విశాఖపట్నంలో మద్దిలపాలెం కూడలి నుంచి మధురవాడ, కొమ్మాది మీదుగా సాగే జాతీయ రహదారి పొడవునా ఇళ్లూ దుకాణాలూ కాలేజీలే తప్ప చేను కనిపించడం అరుదైపోయినా, ఆ ప్రశ్న మాత్రం తీరలేదు. పైగా భూమి ఖరీదు పెరిగినకొద్దీ దాని మీద ఆ ఊరివారి మాటకు విలువ తగ్గుతూ వచ్చిందని విశాఖ చుట్టుపక్కల పల్లెల అనుభవం చెబుతోంది. ఇది కాలక్రమంలో దానంతటదే జరిగిన మార్పు కాదు, చట్టాలే అందుకు దారి తెరిచి ఉంచాయి.

1802లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతిని, అంటే జమీందారు ప్రభుత్వానికి కట్టవలసిన పేష్కషును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసే ఏర్పాటును, ప్రవేశపెట్టినప్పుడు విశాఖపట్నం జిల్లాలో అధికభాగం జమీందారీల కిందికి వచ్చింది. అదే ఏడాది, ఊరి భూమి లెక్కలు రాసే కరణాల కోసం ప్రత్యేక రెగ్యులేషన్ తేవడంలో కంపెనీ ఉద్దేశం స్పష్టమే: జమీందారుకూ రైతుకూ తగాదా వస్తే సాక్ష్యంగా నిలిచే లెక్క ఊళ్లోనే ఒకరి దగ్గర ఉండాలి. శిస్తు వసూలు, చిన్న తగవుల తీర్పు, పోలీసు బాధ్యత మునసబుకు దక్కాయి. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ పదవులను కుటుంబాలకు కట్టబెట్టింది. స్వతంత్రం వచ్చి, 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక కూడా గ్రామోద్యోగాలు అవే ఇళ్లలో కొనసాగాయి. వారసత్వం కారణంగా ఒక కుటుంబానికి ప్రభుత్వోద్యోగంలో ప్రాధాన్యం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో గాజుల దశరథ రామారావు కేసులో తేల్చి చెప్పింది. ఆ కేసు ఒక తెలుగు గ్రామంలోని మునసబు పదవి గురించే నడిచింది. అయినా ఆ ఇళ్ల పట్టు సడలడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామోద్యోగాలను రద్దు చేసింది.

ఆ రద్దు న్యాయమైనదే. కరణం ఇంటి గడపలో నిలబడి తన పొలం పేరు అడంగల్లో (ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా నమోదు చేసే రిజిస్టరు ఇది) సరిగా రాయమని బతిమాలుకోవలసిన స్థితి ఏ రైతుకూ ఉండకూడదు, భూమి లేనివారికీ అంటరానివారుగా ముద్రపడినవారికీ ఆ గడప మరింత దూరమన్నది తెలిసిందే. అయితే కరణం చేతిలోని లెక్క అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందన్నది ముఖ్యం. 1980ల మధ్యలో తాలూకాల స్థానంలో వచ్చిన మండలాలు కార్యాలయాన్ని రైతుకు దగ్గర చేశాయి, ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. కానీ లెక్క గ్రామసభకు చేరలేదు. ఊరికి జవాబు చెప్పవలసిన అవసరం లేని ఉద్యోగి బల్ల మీదికి చేరింది. ఆ తరువాత అది కంప్యూటరులోకి వెళ్లినా యజమాని మారలేదు. భూమి హక్కు ఎవరిదో నిర్ధారించే తొలి అధికారాన్ని ప్రభుత్వం నియమించే అధికారికి అప్పగించిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి, తీవ్రమైన ఆందోళనల మధ్య 2024లో రద్దయింది. చట్టం పోయినా రైతుల భయానికి మూలమైన ఏర్పాటు, అంటే ఊరికి తెలియకుండా ఊరి లెక్క మారే అవకాశం, పోలేదు.

ఇక ఎన్నికైన పంచాయతీ సంగతి. బల్వంతరాయ్ మెహతా కమిటీ సూచనల మేరకు ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభించారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలు 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొంది. మరుసటి ఏడాది రాష్ట్రం కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. అందులోని 58వ సెక్షన్ పశువుల మేత బీళ్లు, కల్లాలు, శ్మశానాలు, బండ్లు నిలిపే స్థలాలు, తోపులు వంటి పోరంబోకు భూములు, అంటే ఎవరి పట్టాలోనూ లేకుండా ఊరి అందరి అవసరానికీ ఉండే భూములు, గ్రామ పంచాయతీకే చెందుతాయని చెబుతుంది. ఆ వెంటనే అదే సెక్షన్, ప్రభుత్వానికి ఏదైనా నిర్దిష్ట అవసరం వస్తే ఒక నోటిఫికేషన్‌తో వాటిని వెనక్కి తీసుకోవచ్చని కూడా చెబుతుంది. గ్రామసభ అనుమతి అక్కర లేదు. ఎకరం ధర వేలల్లో ఉన్న రోజుల్లో ఆ రెండో వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ధర కోట్లకు చేరిన విశాఖ పరిసరాల్లో మాత్రం మొదటి వాక్యం ఇచ్చిన హక్కును రెండో వాక్యం మింగేస్తుంది.

విశాఖ జిల్లాలో ఊరు తన మాట కోల్పోయే తీరుల్లో మొదటిది భూసేకరణ, దానికి తొలి పెద్ద ఉదాహరణ ఉక్కు కర్మాగారమే. 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం ఫలితంగా, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారం తెలుగువారి గర్వకారణం, దాన్ని ప్రభుత్వ రంగంలోనే నిలపాలన్న కోరిక ధర్మమైనది. దాని కోసం 60కి పైగా గ్రామాలు 20,000 ఎకరాలకు పైగా భూమిని వదులుకున్నాయి. నిర్వాసిత కుటుంబాలకు ఆర్ కార్డులు, అంటే ఉద్యోగాల్లో ప్రాధాన్యానికి ఆధారంగా నిలిచే పునరావాస కార్డులు, అందాయి. ఆ కార్డు చేతికి రాగానే ఊరు అనే సమష్టి చెదిరిపోయి, ఎవరి అర్జీ వారిదయింది. చెరువుకూ మేతబీటికీ పరిహారం అడగడానికి పంచాయతీ అన్నదే మిగలలేదు. దశాబ్దాలు గడిచినా ఉద్యోగం రాని ఆర్ కార్డుదారులు ధర్నాలు చేస్తూనే ఉండడానికి ఉద్యోగాల కొరత ఒక కారణమైతే, వారి పక్షాన నిలబడి అడిగే ఎన్నికైన స్థానిక సంస్థ లేకపోవడం అంతకన్నా లోతైన కారణం.

రెండో తీరు విలీనం. 2005 నవంబరులో గాజువాక పురపాలక సంఘాన్నీ మధురవాడ, కొమ్మాది, వేపగుంట వంటి 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. సర్పంచులు పోయారు, 2007లో కార్పొరేటర్లు వచ్చారు. ఆ పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది, తరువాతి ఎన్నిక 2021 మార్చి 10న గానీ జరగలేదు. ఈ తొమ్మిదేళ్లూ నగరం ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉంది. ఒకప్పుడు వీధి కుళాయి కోసమో చెరువు గట్టు కోసమో సర్పంచును నిలదీయగలిగిన పల్లెవాసి, పన్ను మాత్రం నగరవాసిగా కడుతూ, ఓటు వేసి ఎన్నుకున్న స్థానిక ప్రతినిధి ఒక్కరూ లేకుండా బతికాడు. 1861లో ఏర్పడి, దేశంలోని పాత పురపాలక సంఘాలలో ఒకటిగా పేరొందిన భీమునిపట్నం 2013లో విలీనమై, తన కౌన్సిల్‌ను పోగొట్టుకున్నదీ ఈ ప్రత్యేకాధికారుల కాలంలోనే. రాజ్యాంగం అయిదేళ్లకొకసారి ఎన్నిక తప్పనిసరి అంటున్నా, వార్డుల విభజన పేరుతోనో వ్యాజ్యాల పేరుతోనో ఒక మహానగరాన్ని ఇంతకాలం ఎన్నిక లేకుండా ఉంచగలగడం ఏ ఒక్క పార్టీ పాపమో కాదు, ఆ కాలంలో పాలించిన అందరిదీ.

మూడోది భూసమీకరణ. పేదల ఇళ్ల స్థలాల కోసం విశాఖ చుట్టుపక్కల మండలాల్లో 6,000 ఎకరాలకు పైగా భూమిని సమీకరించేందుకు 2020 జనవరిలో ప్రభుత్వం జీవో 72 జారీ చేసింది. లక్ష్యాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కానీ అందులో డి పట్టా భూములు, అంటే పేదలకు సాగు కోసం ఇచ్చి అమ్ముకునే హక్కు ఇవ్వని భూములు, ఏళ్ల తరబడి జీడి, మామిడి తోటలు వేసుకున్న ఆక్రమణ భూములు కలిసి ఉన్నాయి. ఒక పేదవాడి ఇంటి కోసం మరో పేదవాడి తోట ఎంతవరకు పోవచ్చన్నది నిర్ణయించవలసింది ఆ ఇద్దరూ కూర్చోగల గ్రామసభే గాని, కలెక్టరు కార్యాలయంలోని పట్టిక కాదు.

ఇందుకు మారుమార్గం తెలుగు నేలలోనే, పాత విశాఖ జిల్లా కొండల మీదే ఉంది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ కలిసి, మన్యంలో భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతిని షరతుగా చేశాయి. గిరిజన భూములను గిరిజనేతరులకు, కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదన్న 1997 నాటి సమతా తీర్పు కూడా ఆ కొండలకు సంబంధించినదే. 2015 నవంబరులో బాక్సైటు తవ్వకాలకు దారితీసే జీవో 97 వచ్చినప్పుడు గిరిజన గ్రామాలు ఎదురు నిలిచాయి, ఆ జీవో మొదట మూలపడి చివరకు 2019లో రద్దయింది. అధికారులు గ్రామసభలను మొక్కుబడిగా నడిపే ప్రయత్నాలు అక్కడా తప్పలేదు. అయినా చూపించడానికి ఒక చట్టం ఉంది. కొండ దిగి మైదానానికి వస్తే ఆ ఆసరా ఉండదు.

గ్రామసభకు ఇంత అధికారం ఇస్తే అది పెద్ద రైతుల, పెద్ద కులాల చేతిలో పడుతుందన్న అభ్యంతరం తేలికగా తోసేయదగినది కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నిలయంగా చూసి, వ్యక్తినే రాజ్యాంగానికి ప్రాతిపదికగా తీసుకున్నారు, ఆ హెచ్చరిక నేటికీ నిజమే. అయితే దళిత, వెనుకబడిన కులాల సర్పంచులకు రిజర్వేషను, స్త్రీలకు సగం స్థానాలు వచ్చిన తరువాత, హాజరూ తీర్మానమూ లిఖితంగా ఉండే సభలో డి పట్టా రైతుకు దక్కే న్యాయం మండల కార్యాలయం వరండాలో దక్కేదాని కన్నా ఎక్కువే. పల్లెలో అసమానత ఉందని చెప్పి అధికారాన్ని పైకి పట్టుకుపోయిన ప్రభుత్వాలేవీ ఆ అసమానతను తగ్గించలేదు. 2014 తరువాత జన్మభూమి కమిటీలు, 2019 తరువాత 50 ఇళ్లకొక వాలంటీరు, ఎన్నికైన పంచాయతీని పక్కనబెట్టి లబ్ధిదారుకూ ప్రభుత్వానికీ మధ్య నిలిచారు. పైగా పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంట్లను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడంతో తమ ఖాతాలు ఖాళీ అయ్యాయని సర్పంచులు రోడ్డెక్కవలసి వచ్చింది.

కావలసిన మార్పులు పెద్దవేమీ కాదు. ఊరి పోరంబోకును ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలంటే గ్రామసభ సమ్మతి తప్పనిసరి అని 58వ సెక్షన్‌లో చేర్చాలి. ఒక పల్లెను నగరంలో కలిపే ముందు ఆ ఊరి ఓటర్ల నుంచి రహస్య ఓటింగు ద్వారా అభిప్రాయం తీసుకోవాలి. కలిపాక, 74వ సవరణ చెప్పిన వార్డు కమిటీలను ఆ పాత గ్రామాల సరిహద్దుల ప్రకారమే ఏర్పరచి, చెరువులు, శ్మశానాలు, గెడ్డల మీద వాటికి తీర్మానాధికారం ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, ఏ నగర పాలకవర్గానికైనా అయిదేళ్ల గడువు ముగియకముందే తదుపరి ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం ఆదేశిస్తోంది. వార్డుల విభజనను ఎన్నిక ముంగిట మొదలుపెట్టి వ్యాజ్యాలకు తలుపు తెరవకుండా, ఏడాది ముందే ముగించడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పని.