గడప ముందు గుమ్మడి దీపం

అక్టోబరు నెలాఖరున అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడుతూ, వారి వాకిట్లో వేలాడుతున్న అస్థిపంజరాన్ని చూసి మీరెప్పుడైనా ఉలిక్కిపడ్డారా? మామిడి తోరణం ఉండవలసిన చోట సాలెగూళ్లు, ముగ్గు ఉండవలసిన చోట ఉత్తుత్తి సమాధి రాళ్లు కనిపిస్తే ఏ తల్లి మనసు చివుక్కుమనదు? గడపకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, లక్ష్మీదేవి అడుగుపెట్టే చోటుగా భావించే వంశంలో పుట్టినవారు ఆ గడప ముందే పిశాచాల బొమ్మలు పెట్టుకోవడమేమిటని మీరు బాధపడి ఉంటారు. నేనూ బాధపడ్డాను. ఆ బాధలో ఒక పొరపాటు చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. హాలోవీన్ కూడా ఏటా ఆ తేదీనే. అప్పుడు నేను న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ వీధిలో ఇంటింటా గుమ్మడికాయలు, గబ్బిలాలు, తెల్ల దుప్పట్ల దయ్యాలు. మా మనవడు పది రోజులుగా మనమూ అలంకరిద్దామని అడుగుతూనే ఉన్నాడు. దీపావళి నాడు లక్ష్మి వచ్చే ఇంటికి దయ్యాలెందుకని నేను గట్టిగా అన్నాను. మా అమ్మాయి నా మాట కాదనలేదు. సాయంత్రం లోపల లక్ష్మీపూజ చేసుకున్నాం. బయట గాలి వీస్తోందని ప్రమిదలు కిటికీ లోపలి వైపున పెట్టుకున్నాం. పిల్లల గుంపులు వీధిలోకి రావడం చూసి, పూజకు ఆటంకం కలుగుతుందని వాకిలి దీపం కట్టేయమన్నాను.

ఆ దేశంలో ఆ రాత్రి వాకిలి దీపం వెలుగుతుంటే రమ్మని అర్థం. ఆ దీపం లేకపోతే రావద్దని అర్థం. పిల్లలకు నేర్పే మొదటి మర్యాద అది. ఇరుగుపొరుగు బిడ్డలు మా ఇంటి ముందుకు వచ్చి, చీకటి చూసి, మారు మాట్లాడకుండా పక్కింటికి వెళ్లిపోయారు. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న మనవడు, "అమ్మమ్మా, దీపావళికి అందరి ఇళ్లలో దీపాలుంటాయన్నావుగా, మన వాకిట్లో ఎందుకు లేదు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. దీపాన్ని ఆర్పమని నోటితో అనడానికే సంకోచించి, కొండెక్కించమనే సంప్రదాయం మనది. అటువంటి నేను దీపావళి సంధ్యవేళ వాకిలిని చీకటి చేసి, బాలల రూపంలో వచ్చిన అతిథులను తిప్పి పంపాను.

ఆ తరువాత ఈ పండుగ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. ఐర్లండు ప్రాంతపు ప్రాచీన కెల్టిక్ జాతులు పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే సంధిలో సౌవిన్ అనే పండుగ జరుపుకొనేవారు. ఆ రాత్రి జీవించి ఉన్నవారికి, గతించినవారికి నడుమ ఉన్న తెర పలుచబడుతుందని వారి విశ్వాసం. తరువాత క్రైస్తవ సంప్రదాయంలో నవంబరు 1 సకల పునీతుల దినంగా, 2వ తేదీ గతించిన ఆత్మల కోసం ప్రార్థించే దినంగా స్థిరపడ్డాయి. పునీతుల దినానికి ముందు సాయంత్రమే హాలోవీన్. పూర్వం ఇంగ్లండులో పేదవారు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు స్వీకరించేవారు. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. 1840ల నాటి మహాక్షామంలో అమెరికాకు వలస వెళ్లిన ఐరిష్ కుటుంబాలు ఆ ఆచారాన్ని వెంట తీసుకువెళ్లాయి. అక్కడ విరివిగా దొరికే గుమ్మడి తొలచడానికి తేలిక కనుక, దుంప స్థానాన్ని గుమ్మడి ఆక్రమించింది.

ఇప్పుడు మన ఆచారాలను ఒక్కసారి తలచుకోండి. భాద్రపద బహుళ పక్షమంతా పితృదేవతలదే. మహాలయ అమావాస్య నాడు వారి పేరిట అన్నం పెడతాం. తెలంగాణలో పెత్రమాస అని పిలుచుకొనే ఆ రోజునే ఎంగిలిపూల బతుకమ్మతో పూల పండుగ మొదలవుతుంది. పెద్దలను తలచుకొన్న రోజునే ఆడబిడ్డలు ఆటపాటలు ప్రారంభిస్తారు. దీపావళి సాయంత్రం గోగుకాడలకు నూనె వత్తులు కట్టి పిల్లలచేత దివిటీలు కొట్టించేది, పితృదేవతలకు దారి చూపడానికేనని పెద్దలు చెబుతారు. రుతువు మారే వేళ, చీకటి పెరిగే వేళ, గతించినవారిని స్మరించి దీపం పెట్టడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. రెండు మతాల సిద్ధాంతాలు ఒకటేనని నేను అనడం లేదు. చీకటి ముందు నిలబడిన మనిషి మనసు మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

ఇక వాకిట్లో భయంకర రూపమా అంటారేమో. కొత్త ఇల్లు కడుతుంటే కోరలున్న దిష్టిబొమ్మను కట్టేది మనమే. గుమ్మానికి బూడిద గుమ్మడి వేలాడదీసేదీ మనమే. ఆలయ ద్వారంపైన, స్వామివారి మకరతోరణ శిఖరాన గుడ్లురిమి చూసే సింహముఖాన్ని మీరు ఎన్నోసార్లు దర్శించి ఉంటారు. అది కీర్తిముఖం. జలంధరుని దూతగా వచ్చిన రాహువును మ్రింగడానికి శివుని కనుబొమల నడుమ నుంచి ఒక భూతం పుట్టింది. రాహువు శరణు వేడగా స్వామి అభయమిచ్చాడు. ఆకలితో అలమటిస్తున్న ఆ భూతం స్వామి ఆజ్ఞతో తన దేహాన్ని తానే భక్షించి ముఖం మాత్రమే మిగుల్చుకొంది. శివుడు ప్రసన్నుడై, తన ద్వారం వద్దనే ఉండుమని వరమిచ్చాడు. ఈ గాథ స్కాందపురాణంలోని కార్తిక మాహాత్మ్యంలో ఉంది. అరవైముగ్గురు నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మైయార్ తన సౌందర్యాన్ని వదలి భూతరూపం కోరుకొన్న భక్తురాలు. ఆమె విగ్రహాలు ఎముకల గూడు వలె ఉంటాయి. వాటికి మనం నమస్కరిస్తాం. భూతనాథుణ్ణి కొలిచేవారికి అట్టముక్కతో చేసిన దయ్యాన్ని చూసి భయమెందుకు?

అయితే సమర్థనకూ ఒక హద్దు ఉంది. కీర్తిముఖం భయపెట్టేది అహంకారాన్ని. అక్కడ భయం భక్తికి ద్వారం. మృత్యువును ఎగతాళి చేసే అలంకారం అటువంటిది కాదు. ఉరితాటికి వేలాడే దేహాలు, నెత్తురోడే అవయవాలు వాకిట్లో పెట్టుకోవడం ఏ ధర్మమూ మెచ్చదు. ఆ వీధిలో గత నెలలోనే భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు ఉండవచ్చు. మైలలో ఉన్న కుటుంబం ఉండవచ్చు. ఉత్తుత్తి సమాధి రాయి వారికి ఉత్తుత్తిది కాదు. అలాగే మన కాళికామాతను గాని, పరుల పూజ్యమూర్తులను గాని వేషాలుగా మార్చడం తగదు. పసిబిడ్డలు రాత్రివేళ కలవరించే బొమ్మలూ వద్దు. నవ్వించేది, స్వాగతించేది పెట్టుకోండి. నొప్పించేది, జడిపించేది విడిచిపెట్టండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు నేను చెప్పదలచినది ఇదే. గడపను గడపగానే ఉంచండి. దానిపై పసుపు కుంకుమ, ఇరుప్రక్కల దీపం, పైన తోరణం మనవి. మెట్ల కింద, తోటలో ఆ దేశపు పండుగకు చోటివ్వండి. అక్కడి వారు వాకిళ్లలో పెట్టే గుమ్మడి, చామంతి కుండీలు, మొక్కజొన్న కంకులు, గడ్డిమోపులు చూడండి. అవి పంటలక్ష్మి రూపాలే కదా! సంక్రాంతికి మనం దానమిచ్చే గుమ్మడి అదే, బతుకమ్మలో పేర్చే చామంతి అదే. గుమ్మడిని మగవారు ముందు కొట్టనిదే స్త్రీలు తరగరాదన్న ఆచారం మీ ఇంట ఉంటే అలాగే కానివ్వండి. తొలిచిన కాయ కొద్ది రోజులకే కుళ్లిపోతుంది కనుక రెండు మూడు రోజుల ముందు మాత్రమే తొలవండి. లోపలి గింజలు వేయించుకోవచ్చు. తొలవని కాయలైతే ఆ తరువాత కూరకు పనికివస్తాయి. అన్నాన్ని పారవేయడం మన ధర్మం కాదు. పొదలపై పరిచే కృత్రిమ సాలెగూళ్లలో చిన్న పక్షులు చిక్కుకొంటాయి. వాటిని మానుకోండి. వేషాలు వేసుకొన్న పిల్లల అంగీలకు నిప్పంటకుండా, వారు నడిచే దారిలో ప్రమిదలకు బదులు విద్యుద్దీపాలు పెట్టండి.

కొన్ని వాకిళ్లలో నీలాకుపచ్చ రంగు పూసిన గుమ్మడి కనిపిస్తుంది. తినుబండారాలు పడని పిల్లలకు ఆ ఇంట బొమ్మలో పెన్సిళ్లో ఇస్తారని దాని సంకేతం. 2014 నుంచి ఇది దేశమంతటా వ్యాపించింది. 1950లో ఫిలడెల్ఫియా పిల్లలు మొదలుపెట్టిన మరో పద్ధతి ఉంది. మిఠాయిలతో పాటు యునిసెఫ్ కోసం చిల్లర నాణేలు పోగుచేయడం. వచ్చిన బిడ్డ అవసరమెరిగి ఇవ్వడం, తనకు వచ్చిన దానిలో అన్యులకు భాగమివ్వడం మనకు కొత్త విషయాలు కావు.

మరి హైదరాబాదులో, విశాఖలో ఉన్నవారి మాటేమిటి? ఇటీవల మన నగరాల్లోనూ కొన్ని చోట్ల హాలోవీన్ వేడుకలు జరుగుతున్నాయి. ఇక్కడ దాని అవసరం నాకు కనిపించదు. అక్కడ అది ఇరుగుపొరుగు పిల్లలకు తలుపు తీసే సందర్భం. ఇక్కడ ఆ తలుపులు తీయడానికి అట్లతద్ది ఉంది, బొమ్మల కొలువు ఉంది, బతుకమ్మ ఉంది. ఉన్నవాటిని మరచి, అర్థం వదిలేసి, అట్టముఖాలు మాత్రం అరువు తెచ్చుకోవడం వివేకం కాదు. పొరుగువారి పండుగను పొరుగున ఉండి గౌరవించడం ఒకటి, మన పండుగను మూలన పడవేసి దానిని తెచ్చుకోవడం వేరొకటి.

2025లో హాలోవీన్ కార్తిక మాసంలో వచ్చింది. నేను ఇక్కడే ఉన్నాను. మనవడు వీడియోలో వాకిలి చూపించాడు. గడపకు పసుపు, తులసికోట దగ్గర కార్తిక దీపం, మెట్ల చివర నవ్వుతున్న గుమ్మడి. దానికి మొదటి కత్తిగాటు మా అల్లుడు పెట్టాడట. "అమ్మమ్మా, వాకిలి లైటు వేసే ఉంచాం" అన్నాడు వాడు. ఈసారి మీ పిల్లల వాకిట్లో గుమ్మడి కనిపిస్తే కోప్పడకండి. గడప మీద దీపం ఉన్నదా అని మాత్రం అడగండి. ఆ దీపం ఉన్నచోటికి లక్ష్మి వస్తుంది. వీధిలోని బిడ్డలూ వస్తారు.