ఇద్దరు ప్రభువుల సేనాని

ఖడ్గము ధరించినవాడు ఎవరి యాజ్ఞకు లోబడవలయును? ఈ ప్రశ్న ప్రజాప్రభుత్వములకు జీవన్మరణ సమస్య. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నిది ప్రతి రాష్ట్రమునందును ఒక యధికారి రూపమున నిలిచియున్నది. ఆయనకు అడ్జుటెంట్ జనరల్ అని పేరు. నేషనల్ గార్డు అను రిజర్వు సేనకు రాష్ట్రమున ఆయనయే యధిపతి.

ఈ సేనలో అనేకులు తమ తమ వృత్తులు చేసికొనుచు, నియమిత దినములలో కవాతు చేయువారు. వరదలు, తుపానులు, అల్లరులు సంభవించినపుడు గవర్నరు పిలుపుపై వత్తురు. యుద్ధము వచ్చినపుడు అధ్యక్షుని యాజ్ఞపై కేంద్రసైన్యమున జేరుదురు. ద్రవ్యమును ఆయుధములును చాలవరకు కేంద్రమిచ్చును. అధికారుల నియామకము మాత్రము 1787లో రచింపబడిన రాజ్యాంగము రాష్ట్రములకే విడిచినది. ఇట్లు ఒక్క సేనకు ఇద్దరు ప్రభువులు.

ఈ యేర్పాటునందలి ప్రమాదము 1957లో ఆర్కన్సా రాష్ట్రమున బయల్పడినది. పాఠశాలలలో జాతిభేదము చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పియుండెను. అయినను లిటిల్ రాక్ పట్టణమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు పాఠశాల ప్రవేశింపకుండ, శాంతిరక్షణ నెపమున, గవర్నరు ఫాబస్ గార్డును ద్వారమున నిలిపెను. న్యాయస్థానపు నిషేధాజ్ఞ గవర్నరుతోపాటు అడ్జుటెంట్ జనరలునకును వర్తించినది. సెప్టెంబరు 24న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ గార్డునే కేంద్రవశము చేసి, 101వ ఎయిర్‌బోర్న్ దళమును గూడ పంపెను. మరునాడు బాలబాలికలు లోనికేగిరి. నిన్న దారి మూసిన సేనయే నేడు దారి కాచినది! సైనికులు మారలేదు, యాజ్ఞ మారినది.

అందువలన గవర్నర్లు దోషులు, అధ్యక్షులు నిర్దోషులు అని తలంపరాదు. 2025 జూన్ నెలలో అధ్యక్షుడు ట్రంపు గవర్నరు సమ్మతి లేకయే కాలిఫోర్నియా గార్డును స్వాధీనము చేసికొనగా, ఆ వివాదము న్యాయస్థానములకెక్కినది.

కావున సేనాని యెట్లు నియమింపబడునను విషయము స్వల్పము గాదు. పెక్కు రాష్ట్రములలో గవర్నరు నియమించును. వెర్మాంటులో శాసనసభ యెన్నుకొనును. సౌత్ కరోలినాలో ప్రజలే యెన్నుకొనుచుండిరి. ఆ పద్ధతిని మాన్పుటకు 2014లో ఓటర్లే సమ్మతించిరి. వారు చేసినది వివేకమని మా యభిప్రాయము. ఓట్లకై తిరుగువాడు పక్షపాతము లేక ఆజ్ఞాపించుట దుర్లభము.

మన దేశమున సైన్యము కేంద్రమునకే చెందినది. 1949లో నేర్పడిన టెరిటోరియల్ సైన్యమును అట్టిదే. అయినను రాష్ట్రప్రభుత్వముల చేతిలో సాయుధ పోలీసు దళములున్నవి. వానికిని ఈ పాఠము వర్తించును. పాలకుని యాజ్ఞ శాసనబద్ధమగునంతవరకే శిరోధార్యము. శాసనమును మీరిన యాజ్ఞను నిరాకరించు ధైర్యము దళపతికుండవలెను. అట్టివానిని బదిలీలతో వేధింపకుండ కాపాడు బాధ్యత ప్రజలది.